టెలికాం న్యాయవాది కావాలంటే: తొలి పుస్తకం నుంచి టీడీశాట్ గడప దాకా

నేను నల్లకోటు వేసుకున్న రెండో ఏడు, ఒక మండల కేంద్రం నుంచి కేబుల్ ఆపరేటర్ ఒకాయన మా సీనియర్ గారి ఆఫీసుకు వచ్చారు. చేతిలో రెక్సిన్ సంచి. అందులో రసీదు పుస్తకాలు, సెట్‌టాప్ బాక్సుల జాబితాలు, రబ్బరు బ్యాండు చుట్టిన ఉత్తరాలు. శనివారం సాయంత్రం నుంచి పై నుంచి సిగ్నల్ రావడం లేదని, నాలుగు వందల ఇళ్లలో టీవీలు ఆగిపోయాయని, జనం ఇంటి ముందు నిలబడి అడుగుతున్నారని చెప్పారు. హైకోర్టులో రిట్ వేద్దామని నేను ఉత్సాహపడ్డాను. మా సీనియర్ ఆయన్ని ఒక్కటే అడిగారు: "నోటీసు వచ్చిన కవరు ఉందాండీ?" ఉంది. దాని మీది తపాలా ముద్ర చూసి వేళ్ల మీద లెక్కపెట్టారు. పదకొండు రోజులు. సిగ్నల్ ఆపే ముందు కనీసం మూడు వారాల నోటీసు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. "ఇది రిట్ కాదు, టీడీశాట్ పిటిషన్" అన్నారు. టీడీశాట్ అంటే టెలికాం వివాదాలు తేల్చే ఢిల్లీలోని ట్రిబ్యునల్.

టెలికాం చట్టం అంటే ఉపగ్రహాలు, 5జీ, వేల కోట్ల వేలం పాటలు అని అప్పటిదాకా నాకున్న ఊహ. అవన్నీ ఉన్నాయి. అయితే ఈ రంగంలో న్యాయవాది పని మొదలయ్యేది కాగితం మీద ఉన్న ఒక మాట దగ్గర, ఒక తేదీ దగ్గర, ఏ తలుపు తట్టాలన్న నిర్ణయం దగ్గర. ఈ మూడూ నేర్చుకోవడానికి ఢిల్లీలో పుట్టనక్కరలేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్‌లలో న్యాయశాస్త్రం చదువుతున్నవారిని, ప్రాక్టీసు మొదలుపెట్టి ఐదేళ్లు నిండనివారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ తలుపు ఎవరిదో తెలుసుకోండి

రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 31వ అంశం తపాలా, టెలిగ్రాఫులు, టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలు. అంటే ఇది పూర్తిగా కేంద్రం చేతిలో ఉన్న విషయం. లైసెన్సు ఇచ్చేది, స్పెక్ట్రమ్ (ఫోన్లకు, ప్రసారాలకు వాడే రేడియో తరంగాలు) కేటాయించేది కేంద్ర టెలికాం శాఖ. 1997 చట్టంతో వచ్చిన ట్రాయ్ నియంత్రణ సంస్థ. అది ధరలు, నాణ్యత, కంపెనీల మధ్య అనుసంధానం వంటి వాటిపై నిబంధనలు చేస్తుంది. లైసెన్సుల విషయంలో మాత్రం ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది. ఆ సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. తోసిపుచ్చాలనుకుంటే మాత్రం ముందు ట్రాయ్‌కి తిరిగి పంపి, పునఃపరిశీలన కోరాలి.

మొదట్లో వివాదాలు తేల్చే పని కూడా ట్రాయ్‌దే. 2000లో చట్టాన్ని సవరించి ఆ పనిని విడదీసి టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు అప్పగించారు. అది ఢిల్లీ చాణక్యపురిలో సమ్రాట్ హోటల్ భవనంలో కొలువుదీరింది. ప్రభుత్వానికీ లైసెన్సుదారుకూ మధ్య, ఇద్దరు సర్వీసు ప్రొవైడర్ల మధ్య, సర్వీసు ప్రొవైడర్‌కూ వినియోగదారుల బృందానికీ మధ్య వచ్చే తగాదాలు అక్కడికి వెళ్తాయి. దాని తీర్పుపై అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే. 2004 జనవరిలో కేబుల్, ప్రసార సేవలు కూడా ట్రాయ్ పరిధిలోకి వచ్చాయి. రెక్సిన్ సంచి పట్టుకుని వచ్చిన మా కక్షిదారు కూడా చట్టం దృష్టిలో సర్వీసు ప్రొవైడర్ కావడానికి కారణం అదే.

ఇక్కడ కొత్తవారు తరచూ తడబడే చోటు ఒకటుంది. ట్రాయ్ ఇచ్చిన ఆదేశాన్ని టీడీశాట్‌లో సవాలు చేయవచ్చు. ట్రాయ్ చేసిన రెగ్యులేషన్ (చట్టం ఇచ్చిన అధికారంతో అందరికీ వర్తించేలా చేసే నిబంధన) చెల్లదని వాదించాలంటే మాత్రం టీడీశాట్‌కు ఆ అధికారం లేదని సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో బీఎస్ఎన్ఎల్ కేసులో తేల్చింది. అప్పుడు దారి హైకోర్టు. ఆదేశమా, రెగ్యులేషనా అన్న తేడా గుర్తించక తప్పు చోట వేసిన పిటిషన్ల వల్ల కక్షిదారుల నెలలు వృథా అయ్యాయి. ఒక్కడే వినియోగదారు తన బిల్లు గురించి ఫిర్యాదు చేయాలంటే టీడీశాట్ కాదు, వినియోగదారుల కమిషన్. ఈ మాటను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో వోడాఫోన్ ఐడియా కేసులో స్పష్టం చేసింది.

ఒక తెల్లకాగితం మీద ఈ తలుపులన్నీ గీసుకుని బల్ల ముందు అంటించుకోండి. ఏడాది పాటు అది తీయకండి.

రెండో అడుగు: చదువు, సనదు

దీనికి ప్రత్యేకమైన డిగ్రీ అక్కరలేదు. క్లాట్ రాసి నల్సార్‌లోనో విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలోనో ఐదేళ్లు చదివినా, లాసెట్ రాసి జిల్లా కాలేజీలో మూడేళ్లు చదివినా సనదు (న్యాయవాదిగా ప్రాక్టీసు చేసే అనుమతి) ఒక్కటే. ఇంజనీరింగ్ చదివి న్యాయశాస్త్రంలోకి వచ్చినవారికి మొదట్లో కొంత వెసులుబాటు ఉంటుంది. రాజ్యాంగం, పరిపాలనా న్యాయం, కాంట్రాక్టు చట్టం గట్టిగా చదివినవారు ఆ తేడాను త్వరగానే పూడ్చుకుంటారు. కాలేజీలో ఏదైనా ఒక్క సబ్జెక్టు మీదే మనసు పెట్టగలిగితే పరిపాలనా న్యాయం మీద పెట్టండి. ట్రాయ్ చేసే ప్రతి పనినీ కోర్టు కొలిచే కొలబద్ద అదే.

నమోదు రుసుము విషయంలో మోసపోకండి. న్యాయవాదుల చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న చెప్పింది. సాధారణ వర్గానికి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు. ఆ తర్వాత అఖిల భారత బార్ పరీక్ష. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. అయినా సీనియర్ దగ్గర చేరేటప్పుడు ఆ మాట మర్యాదగా ప్రస్తావించడంలో తప్పు లేదు. మొదటి రెండేళ్లు ఇంటి నుంచి సాయం అందని పిల్లలు ఈ వృత్తి వదిలి వెళ్లడం చూశాను. వారిలో చాలామంది మంచి న్యాయవాదులు అయ్యేవారే.

మూడో అడుగు: చట్టాలను పుట్టిన వరుసలో చదవండి

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం, 1997 నాటి ట్రాయ్ చట్టం, 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం. ఇదే వరుస. కొత్త చట్టం వచ్చాక పాతది ఎందుకని అడుగుతారు. కొత్త చట్టం ఒక్కసారిగా అమల్లోకి రాలేదు. 2024 జూన్ 26న కొన్ని సెక్షన్లు, జూలై 5న మరికొన్ని అమల్లోకి వచ్చాయి. పాత లైసెన్సులు కూడా ఒక్కరోజులో పోలేదు. గడువు రాసి ఉన్నవి ఆ గడువు దాకా, గడువు రాసి లేనివి ఐదేళ్ల దాకా కొనసాగుతాయి. పదేళ్ల కిందటి బకాయి మీద ఈరోజు కేసు వాదించాలంటే పాత చట్టం, పాత లైసెన్సు, ఆనాటి సర్క్యులర్ మూడూ మీ చేతిలో ఉండాలి.

చట్టాలతో పాటు విధాన పత్రాలు చదవాలి. 1994 జాతీయ టెలికాం విధానం పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది అదే. 1999 విధానం ఆ కంపెనీలు మునిగిపోకుండా ఆదుకుంది. 2018 పత్రం పేరులోనే టెలికాం అన్న మాట పోయి డిజిటల్ కమ్యూనికేషన్లు అన్న మాట వచ్చింది. ఒక్కో పత్రం చదవడానికి ఒక సాయంత్రం చాలు.

తీర్పుల్లో ముందుగా నాలుగు చదవండి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పిన 1995 నాటి క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు. ఫోన్ ట్యాపింగ్‌కు హద్దులు గీసిన 1996 నాటి పీయూసీఎల్ కేసు. 122 లైసెన్సులు రద్దు చేసిన 2012 ఫిబ్రవరి 2 నాటి 2జీ తీర్పు. ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలన్న 2020 జనవరి నాటి అనూరాధా భసీన్ తీర్పు. సారాంశాలు వద్దు, పూర్తి పాఠం చదవండి.

నాలుగో అడుగు: నిర్వచనం దగ్గర ఆగడం నేర్చుకోండి

ఈ వ్యాసంలో ఒక్క అడుగే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

1994 తర్వాత వచ్చిన కంపెనీలు లైసెన్సు కోసం భారీ మొత్తాలు కడతామని పాడుకున్నాయి. కట్టలేకపోయాయి. 1999లో ప్రభుత్వం వారికి మరో దారి చూపింది: స్థిరమైన రుసుము బదులు ఆదాయంలో వాటా ఇవ్వండి అంది. సరే అన్నారు. అయితే ఆదాయం అంటే ఏది? లైసెన్సులోని నిర్వచనం కాల్ చార్జీలతో ఆగలేదు. కనెక్షన్ పెట్టే రుసుము, ఆలస్య రుసుము, హ్యాండ్‌సెట్ల అమ్మకం, వడ్డీ, డివిడెండు, ఇంకా ఇతరత్రా వచ్చే ఏ రాబడైనా అందులో చేర్చింది. ఆ రాబడి కోసం పెట్టిన ఖర్చు తీసేయకూడదని కూడా రాసింది.

చిన్న లెక్క వేసి చూడండి. ఒక కంపెనీకి కాల్స్ మీద 100 కోట్లు, బ్యాంకు వడ్డీ, అద్దెలు వగైరా మీద 20 కోట్లు వచ్చాయనుకుందాం. రుసుము 8 శాతం. కాల్స్ ఆదాయం మీదే కడితే 8 కోట్లు. మొత్తం మీద కడితే 9 కోట్ల 60 లక్షలు. తేడా కోటి అరవై లక్షలు. అంత పెద్ద కంపెనీకి ఇది ఏమంత అనిపిస్తుంది. ఇదే తేడా ప్రతి సర్కిల్‌లో (లైసెన్సుల కోసం దేశాన్ని విడదీసిన ప్రాంతం), ప్రతి ఏడూ పేరుకుంటూ, దాని మీద వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ కలిస్తే ఏమవుతుందో 2019 అక్టోబరు 24న దేశం చూసింది. 2003లో మొదలైన వివాదం ఆ రోజు సుప్రీంకోర్టులో ప్రభుత్వం వైపు తేలింది. టెలికాం శాఖ కోర్టుకు ఇచ్చిన లెక్కలో లైసెన్సు రుసుము బకాయి సుమారు 92,600 కోట్లు. అందులో అసలు సుమారు 23,000 కోట్లే. మిగతాదంతా వడ్డీ, జరిమానాలే. స్పెక్ట్రమ్ చార్జీలు కూడా కలిపితే మొత్తం లక్షా 47 వేల కోట్లని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. తర్వాత 2020 సెప్టెంబరు 1న కోర్టు పదేళ్ల వాయిదాలు ఇచ్చింది. 2021 సెప్టెంబరులో కేంద్రం టెలికాంతో సంబంధం లేని ఆదాయాన్ని ఇకమీదట లెక్కలోంచి తీసేసింది. పాత బకాయికి మాత్రం అది వర్తించలేదు.

మధ్యలో టీడీశాట్ కంపెనీల వాదనను చాలావరకు ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. కంపెనీలు ఆ ఆశతోనే నడిచాయి. ఆ రోజుల్లో ఒక న్యాయవాది తన కంపెనీ డైరెక్టర్లతో "గెలుస్తామన్న నమ్మకం ఉన్నా, ఓడితే పడే మొత్తాన్ని పక్కన పెట్టండి" అని చెప్పి ఉంటే ఆ ఒక్క సలహా విలువ ఎంతో ఊహించండి. న్యాయవాది ఉద్యోగం కేసు గెలవడం ఒక్కటే అనుకునేవారికి ఈ రంగం సరిపడదు.

దీనికి నేను చేసే సాధన చెబుతాను. లైసెన్సు ఒప్పందంలో ఒక నిర్వచనం తీసుకోండి. ఒప్పందాల నమూనాలు టెలికాం శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఆ నిర్వచనాన్ని నోటుబుక్కులో చేత్తో రాయండి. కింద దాన్ని తెలుగులో మీ సొంత మాటల్లో రాయండి. ఇంగ్లీషులో చదువుతున్నప్పుడు అర్థమైందని అనిపించినవన్నీ తెలుగులో పెట్టబోయేసరికి తేలిపోతాయి. "ఇతరత్రా వచ్చే ఏ రాబడైనా" అని రాయగానే ఆ ఇతరత్రాకు హద్దేమిటన్న ప్రశ్న మీకే వస్తుంది. సరిగ్గా అదే ప్రశ్న మీద దేశంలోని పెద్ద న్యాయవాదులు 16 ఏళ్లు వాదించారు. రోజుకో నిర్వచనం చొప్పున మూడు నెలలు చేయండి.

ఐదో అడుగు: కొంచెం ఇంజనీరింగ్

రేడియో తరంగాల గణితం అక్కరలేదు. ఇవి చాలు: తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడల్లోంచి బాగా లోపలికి వస్తుంది. అందుకే 900 మెగాహెర్ట్జ్‌తో ఒక ఊరికి వేయాల్సిన టవర్లు 1800 మెగాహెర్ట్జ్‌కు సరిపోవు, మరిన్ని కావాలి. టవర్ల సంఖ్య అంటే పెట్టుబడి. పెట్టుబడి అంటే వేలంలో ఎంత పాడగలరన్న లెక్క. 2016లో 700 మెగాహెర్ట్జ్‌కు దేశమంతటికీ కలిపి మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల కనీస ధర పెట్టారు. ఒక్కరూ పాడలేదు. 2022 నాటికి ఆ ధర 3,927 కోట్లకు దిగాకే అమ్ముడుపోయింది. ఆ మధ్య కాలమంతా అది ఎవరికీ ఉపయోగపడకుండా పడి ఉంది. విధానంలో ఒక అంకె తప్పితే జరిగే నష్టం ఇలా ఉంటుంది.

దేశం 22 టెలికాం సర్కిళ్లు. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా ఈ పటంలో ఆంధ్రప్రదేశ్ ఒకే సర్కిల్, తెలంగాణ కూడా అందులోనే ఉంది. మన రెండు రాష్ట్రాల కక్షిదారుల పత్రాల్లో "ఆంధ్రప్రదేశ్ సర్కిల్" అని కనిపిస్తే కంగారు పడకండి.

వీలైతే ఒక రోజు కేబుల్ ఆపరేటర్ గదిలో కూర్చోండి, ఒక టవర్ కింద టెక్నీషియన్‌తో గంటసేపు మాట్లాడండి. డీజిల్ జనరేటర్, బ్యాటరీలు, ఫైబర్ చివర, అద్దె కోసం ఇంటి యజమానితో నడిచే తగాదా, అన్నీ అక్కడే కనిపిస్తాయి.

ఆరో అడుగు: తొలి కేసులు మీ ఊళ్లోనే ఉన్నాయి

ఢిల్లీ వెళ్తే తప్ప టెలికాం పని దొరకదన్నది అపోహ. జిల్లా కేంద్రంలోనే దొరికే పని చూడండి.

కేబుల్ వివాదాలు మొదటివి. ఎంఎస్ఓకూ (పై నుంచి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ) స్థానిక ఆపరేటర్‌కూ మధ్య బకాయిలు, సెట్‌టాప్ బాక్సుల లెక్క, సిగ్నల్ నిలిపివేత. రాతపూర్వక ఒప్పందం ఉందా, నోటీసు ఎప్పుడు ఇచ్చారు, బకాయిలో వివాదం లేని భాగం ఎంత? ఈ మూడింటికీ జవాబు కాగితాల్లో చూపగలిగితే సగం పని అయినట్లే. మా కక్షిదారు వ్యవహారంలో నేను రెండు రాత్రులు కూర్చుని నెలవారీ రసీదులను ఒక పట్టికగా వేశాను. ఎదుటివారు చెప్పిన బకాయిలో మూడో వంతు అప్పటికే కట్టేసినదని తేలింది. మధ్యంతర ఉత్తర్వులో వివాదం లేని మొత్తం కట్టమన్నారు, సిగ్నల్ పునరుద్ధరించమన్నారు. ట్రిబ్యునల్ ముందు ఎక్కువసేపు నిలిచింది ఆ పట్టికే. వాదన పది నిమిషాల్లో ముగిసింది.

రెండోది టవర్లు. మున్సిపాలిటీ అనుమతులు, ఆస్తి పన్ను, అద్దె ఒప్పందాలు. ఇక్కడ చట్టం పొరలుపొరలుగా ఉంది, ఆ పొరలు తెలిసినవారు తక్కువ. టవర్‌పై ఆస్తి పన్ను వేయవచ్చని 2016 డిసెంబరులో జీటీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో అదే కోర్టు ఎక్సైజు పన్ను క్రెడిట్ సందర్భంలో టవర్లను చరాస్తిగానే చూడాలంది. 2023 చట్టం 14వ సెక్షన్ టెలికాం నెట్‌వర్క్ వేరు, అది నిలబడ్డ స్థలం వేరు అంటోంది, ఆస్తి పన్ను విషయంలో కూడా. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, మీ మున్సిపాలిటీ ఇచ్చిన డిమాండు నోటీసు ఏ ఏడాదికి సంబంధించినదో చూడండి. జవాబు ఏడాదిని బట్టి మారవచ్చు. ఫైబర్ వేసే దారి హక్కులకు 2025 జనవరి 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి కాబట్టి రోడ్డు తవ్వకం అనుమతుల్లో కూడా పని పెరిగింది.

మూడోది పౌరుల వైపు. 2022 మేలో జిల్లా పేరు మార్పు గొడవల సమయంలో కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ కొన్ని రోజులు ఆగిపోయింది. ఇంటి నుంచి పని చేసేవారు సిగ్నల్ వెతుక్కుంటూ పక్క ఊళ్లకు వెళ్లారు. అలాంటి ఉత్తర్వు ఎవరు ఇవ్వవచ్చు, ఎన్ని రోజులకు, సమీక్ష కమిటీ ఎప్పుడు కూర్చోవాలి అన్నవి నియమాల్లో ఉన్నాయి. 2017 నాటివాటి స్థానంలో 2024 నవంబరులో కొత్తవి వచ్చాయి. ఫోన్ సంభాషణలు వినడంపై కూడా 2024 డిసెంబరులో కొత్త నియమాలు వచ్చాయి. తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు దర్యాప్తు మొదలయ్యాక ఈ నియమాల గురించి సామాన్యులు కూడా అడుగుతున్నారు. వారికి తెలుగులో సరిగ్గా చెప్పగల న్యాయవాదులు కావాలి. ఇందులో డబ్బు తక్కువే. అయినా ఈ చట్టం మనిషి బతుకును తాకేది ఇక్కడేనని నా నమ్మకం. ఏడాదికి ఒక్కటైనా ఇలాంటి కేసు తీసుకోండి.

ఏడో అడుగు: ట్రాయ్‌కి రాయండి

మన చట్టసభలు చాలా చట్టాలు చేసేటప్పుడు జనాన్ని అడగవు. ట్రాయ్ అడుగుతుంది, అడిగి తీరాలి, ఎందుకంటే పారదర్శకంగా పని చేయాలని దాని చట్టమే చెబుతోంది. ముందు సంప్రదింపుల పత్రం వస్తుంది. చివర్లో ప్రశ్నల జాబితా ఉంటుంది. ఎవరైనా జవాబు పంపవచ్చు. ఆ జవాబులను వెబ్‌సైట్‌లో పెడతారు, వాటి మీద ప్రతివ్యాఖ్యలు కోరతారు. తర్వాత బహిరంగ చర్చ. చివరికి వచ్చే రెగ్యులేషన్‌తో పాటు వివరణ పత్రం. 2015లో నెట్ న్యూట్రాలిటీపై, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ ఒకే తీరుగా చూడాలన్న సూత్రంపై, లక్షల మంది మామూలు జనం మెయిళ్లు పంపారు. 2016 ఫిబ్రవరి 8న డేటా ధరల్లో వివక్షను నిషేధిస్తూ రెగ్యులేషన్ వచ్చింది.

విద్యార్థి దశలోనే రాయండి. ఇరవై ప్రశ్నలకూ జవాబివ్వాలన్న ఆశ వద్దు. ఒక్క ప్రశ్న, రెండు పేజీలు. మొదటి పేరాలోనే మీ జవాబు చెప్పండి. తర్వాత కారణం, తర్వాత మీరు కోరే నిబంధన ఏ మాటల్లో ఉండాలో ముసాయిదాగా రాయండి. పెద్ద కంపెనీల వ్యాఖ్యల్లో కూడా ఈ ముసాయిదా తరచుగా కనిపించదు. ఫలానా మాట మార్చండి అని చెప్పేవారి కాగితాన్ని అధికారి పక్కన పెట్టుకుంటారు.

మంచి ముసాయిదాకు, చెడ్డదానికి తేడా చూడాలంటే కాల్ డ్రాప్ కేసు చదవండి. 2015 అక్టోబరులో ట్రాయ్, తెగిపోయిన ప్రతి కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా వినియోగదారుకు ఇవ్వాలని రెగ్యులేషన్ చేసింది. వినడానికి న్యాయంగా ఉంది, నాకు కూడా అప్పట్లో సంతోషం కలిగింది. అయితే ట్రాయ్ నాణ్యత నిబంధనలే నెలలో రెండు శాతం కాల్స్ తెగినా ఫర్వాలేదని అంటున్నాయి. ఆ రెండు శాతం లోపల ఉన్న కంపెనీ కూడా ప్రతి కాల్‌కు డబ్బు కట్టాలా? కాల్ తెగడానికి కారణం వినియోగదారు వైపు ఉంటే? ఢిల్లీ హైకోర్టు రెగ్యులేషన్‌ను సమర్థించింది. 2016 మే 11న సుప్రీంకోర్టు కొట్టేసింది. మంచి ఉద్దేశంతో రాసిన నిబంధన, పక్కనే ఉన్న మరో నిబంధనను చూడనందువల్ల పోయింది. రెండు శాతం దాటిన చోటే పరిహారం అని రాసి ఉంటే ఆ వాదనకు చోటే ఉండేది కాదని నా అభిప్రాయం. ముసాయిదా రాసే ముందు అదే విషయంపై ఇంకెన్ని నిబంధనలు ఉన్నాయో వెతకండి.

ఎనిమిదో అడుగు: ఏ దారి మీది?

నాలుగైదేళ్ల అనుభవం వచ్చాక దారులు విడిపోతాయి.

వాదన మీద మక్కువ ఉంటే టీడీశాట్, హైకోర్టు, సుప్రీంకోర్టు. సుప్రీంకోర్టులో సొంతంగా ఫైలు చేయాలంటే అడ్వకేట్ ఆన్ రికార్డ్ పరీక్ష రాయాలి. దానికి నాలుగేళ్ల ప్రాక్టీసు, ఆ తర్వాత ఏడాది శిక్షణ కావాలి. టీడీశాట్‌లో మరో విశేషం ఉంది. ట్రాయ్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం చార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, కంపెనీ అధికారులు కూడా వాదించవచ్చు. అంకెల కేసుల్లో ఎదుట అకౌంటెంటు నిలబడితే తక్కువ అంచనా వేయకండి. బ్యాలెన్సు షీటు చదవడం మీకూ రావాలి.

న్యాయ సంస్థల్లో చేరితే లైసెన్సు దరఖాస్తులు, విలీనాలు, విదేశీ పెట్టుబడి అనుమతులు. విధాన రంగంలో పరిశోధన సంస్థలు, పరిశ్రమ సంఘాలు, పౌర హక్కుల సంస్థలు. అంతర్జాతీయంగా పని చేయాలనుకునేవారికి జెనీవాలోని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) ఉంది. 1865లో టెలిగ్రాఫ్ తీగల కోసం పుట్టిన ఆ సంస్థే ఇప్పుడు ఏ దేశం ఏ తరంగాలను ఎలా వాడాలో చర్చించే వేదిక. దాని రేడియో సదస్సులు మూడు నాలుగేళ్లకోసారి జరుగుతాయి. వాటి తీర్మానాలు చదివితే మన దేశంలో రాబోయే వేలం ముందే అర్థమవుతుంది.

టెలికాం కంపెనీలో ఉద్యోగం వస్తే ముందు బార్ కౌన్సిల్ 49వ నియమం చదవండి. పూర్తికాల జీతం తీసుకుంటూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. చేరిన వెంటనే బార్ కౌన్సిల్‌కు తెలిపి సనదు నిలిపివేయించుకోవాలి. తిరిగి ప్రాక్టీసుకు వచ్చేటప్పుడు పునరుద్ధరించుకోవచ్చు. ఈ చిన్న పని చేయకుండా కంపెనీలో చేరి, తర్వాత వకాలత్ వేయబోయి ఇరుక్కున్న మిత్రులు ఉన్నారు. కంపెనీ ఉద్యోగంలో నేర్చుకునేది చాలా ఉంది: నెల నెలా ట్రాయ్‌కి వెళ్లే నివేదికలు, టెలికాం శాఖ షోకాజు నోటీసులకు జవాబులు, ఇంజనీర్లతో, ఆర్థిక విభాగంతో ఒకే గదిలో కూర్చుని ఒకే వాక్యం మీద ఒప్పందానికి రావడం. కొత్త చట్టం ప్రకారం లైసెన్సు షరతులు ఉల్లంఘిస్తే విచారణాధికారి, అక్కడి నుంచి అప్పీళ్ల కమిటీ, ఆపైన టీడీశాట్. తీవ్రమైన ఉల్లంఘనకు జరిమానా 5 కోట్ల దాకా ఉంది. షోకాజుకు ఇచ్చే మొదటి జవాబే చివరిదాకా కేసును మోస్తుంది కాబట్టి ఆ జవాబు రాసేవారి విలువ పెరుగుతోంది.

తొమ్మిదో అడుగు: ఎవరి పక్షాన ఉన్నారో రాసిపెట్టుకోండి

ఈ రంగం చిన్నది. ఈరోజు కంపెనీ తరఫున కూర్చున్నవారు రేపు ప్రభుత్వ ప్యానెల్‌లో ఉంటారు. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చినవారు, పిటిషన్ రాసినవారు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన నిలబడకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. పరిశ్రమ మొత్తానికి వర్తించే లైసెన్సు నిబంధనల్లో ఒక వ్యవహారం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. అందుకే మొదటి రోజు నుంచే ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, కక్షిదారు, ఏ లైసెన్సు, ఏ నిబంధన, మీరు చేసిన పని ఏమిటి. కొత్త ఫైలు వచ్చినప్పుడు బ్రీఫ్ తెరిచే ముందు ఆ రిజిస్టరు తెరవండి. అనుమానం ఉంటే కక్షిదారుకు ఉన్న విషయం ఉత్తరం రాసి, వారి సమాధానం అందాకే వకాలత్నామా మీద సంతకం చేయండి. ట్రాయ్‌కి వ్యాఖ్యలు పంపేటప్పుడు కూడా ఎవరి తరఫున రాస్తున్నారో మొదటి పేజీలోనే చెప్పండి. సొంతంగా రాస్తుంటే ఆ మాటే రాయండి.